పడిశం, దగ్గు: ఇంటి మందు ఎలా చేసుకోవాలి, ఎక్కడ ఆపాలి



మన హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మార్గశిరం వచ్చిందంటే పొద్దున బడిగంట వేళకు కూడా మంచు విడవదు. తరగతిలో పాఠం కంటే దగ్గులే ఎక్కువ వినిపిస్తాయి. ఈ చలికాలంలో అందరికీ పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు ఒక చిన్న సంగతి. ఆరో తరగతి పిల్లవాణ్ని వాళ్ళ అవ్వ "శొంఠి తీసుకురా నాయనా" అని అంగడికి పంపింది. అంగడాయన కన్నడం మాట్లాడే మనిషి. కన్నడంలో శుంఠి అంటే అల్లం. పిల్లవాడు పచ్చి అల్లం పట్టుకొచ్చాడు. "ఇది కాదురా, ఎండింది కావాల" అని అవ్వ మళ్ళీ పంపింది. ఈసారి ఇంకో అంగట్లో తమిళంలో "సుక్కు" అని అడిగితే దొరికింది. అల్లం వేసినా కషాయం చెడిపోదు గానీ, మూడు భాషల ఊళ్ళో వస్తువు పేరు తెలిసి ఉండడం మంచిది. పేరుతో పాటు ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది కూడా తెలియాలి. అక్కడ పొరపాటు జరిగితే ముప్పు బిడ్డకే.

అంగట్లో అడిగే పేర్లు

• శొంఠి: తమిళంలో సుక్కు, కన్నడంలో ఒణ శుంఠి
• అల్లం: తమిళంలో ఇంజి, కన్నడంలో హసి శుంఠి
• మిరియాలు: తమిళంలో మిళగు, కన్నడంలో కాళు మెణసు
• జీలకర్ర: తమిళంలో సీరగం, కన్నడంలో జీరిగె
• పసుపు: తమిళంలో మంజళ్, కన్నడంలో అరిశిణ
• వాము ఆకు: తమిళంలో కర్పూరవల్లి, కన్నడంలో దొడ్డపత్రె

వాము ఆకు, వాము గింజ ఒకే మొక్కవి కావు. వాసన ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఇంటి మందు ఏం చేస్తుంది?

పడిశం చాలావరకు వైరస్‌ల వల్ల వస్తుంది. దాన్ని తగ్గించేది మన ఒళ్ళే. వారం పది రోజులు పడుతుంది, దగ్గు ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు. కషాయం తాగితే వైరస్ చావదు. వేడి నీళ్ళు గొంతుకు హాయినిస్తాయి, కఫం పలచబడుతుంది, బిడ్డకు నిద్ర పడుతుంది. మనం ఆశించాల్సింది అంతే, అది చిన్న మేలు కూడా కాదు.

అట్లని దగ్గు మందు సీసా కొని పోయడం దానికంటే మేలని అనుకోవద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు చాలామంది మూత్రపిండాలు చెడి చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు తేలింది. అది తయారైంది మన తమిళనాడులోనే. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకు సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు చెప్పింది. డాక్టరు రాయనిదే చిన్నపిల్లలకు సిరప్ పోయకండి.

చేసుకునే విధానం

ఉప్పు నీళ్ళు: ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీ చెంచా ఉప్పు కలిపి రోజుకు రెండు మూడుసార్లు పుక్కిలించాలి. మింగకుండా ఉమ్మడం తెలిసిన పిల్లలకే, అంటే ఆరేళ్ళు దాటిన వాళ్ళకు.

శొంఠి కషాయం: రెండు గ్లాసుల నీళ్ళలో బొటనవేలి గోరంత శొంఠి ముక్క దంచి వేయాలి. నాలుగు మిరియాలు చితక్కొట్టి, ఆరేడు తులసి ఆకులు కడిగి వేయాలి. సన్న మంట మీద సగం అయ్యేదాకా కాచి, వడగట్టి, కొంచెం బెల్లం కలపాలి. పెద్దవాళ్ళు అర గ్లాసు తాగొచ్చు. ఐదేళ్ళు దాటిన పిల్లలకు దాంట్లో సగం, అదీ నీళ్ళు కలిపి పలచగా చేసి ఇవ్వండి. రోజుకు ఒకటి రెండుసార్లు చాలు. "ఘాటుగా ఉంటేనే పని చేస్తుంది" అనే మాట పిల్లల విషయంలో పట్టించుకోవద్దు. ఘాటు ఎక్కువైతే కడుపులో మంట, వాంతి వస్తాయి.

తేనె: రాత్రి దగ్గుకు ఇది బాగా పనికొస్తుంది. పడుకునే ముందు ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లలకు అర టీ చెంచా, ఆరు నుంచి పదకొండేళ్ళ వాళ్ళకు ఒక చెంచా, అంతకంటే పెద్దవాళ్ళకు రెండు చెంచాలు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు, వేలి మొన మీద కూడా వద్దు. తేనెలో ఒక రకం బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పసిబిడ్డ పేగుల్లో అవి పెరిగి విషం పుట్టిస్తాయి, దానివల్ల ఒళ్ళంతా పట్టు తప్పుతుంది. దీన్ని బాట్యులిజం అంటారు. కాచినా ఆ బీజాలు చావవు.

వాము ఆకు: రెండు మూడు ఆకులు కడిగి, తుంచి, గ్లాసు నీళ్ళలో ఐదు నిమిషాలు మరగనిచ్చి వడగట్టాలి. ఐదేళ్ళు దాటిన పిల్లలకు గోరువెచ్చగా పావు గ్లాసు ఇవ్వొచ్చు. ఆ వాసన నచ్చని వాళ్ళకు శనగపిండిలో ముంచి బజ్జీలు వేసి చూడండి, అయితే దగ్గు తగ్గాక!

మిరియాల చారు: నోరు చేదుగా ఉండి అన్నం సయించనప్పుడు దీనికి మించింది లేదు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి, పలచటి చింతపండు పులుసులో కాచి, మెత్తటి అన్నంలో వేడిగా పోసి పెట్టండి.

ఆరు నెలలు నిండని బిడ్డకు పైవేవీ వద్దు, తల్లిపాలే. ముక్కు మూసుకుపోతే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు వాడొచ్చు. వాటిని సెలైన్ చుక్కలంటారు. పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టాలి.

చేయకూడనివి

పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, అయినా ఇవి మానాలి.

• కర్పూరం నూనెలో కరిగించి పసిబిడ్డ ముక్కుకో రొమ్ముకో రాయడం. కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. నీలగిరి తైలం తాగినా ప్రమాదమే. రెండూ పిల్లలకు అందని చోట పెట్టండి.
• మరిగే గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టి దుప్పటి కప్పి ఆవిరి పట్టడం. గిన్నె ఒరిగితే ఒళ్ళు కాలుతుంది.
• పసిబిడ్డ ముక్కులో నూనె పోయడం.
• దగ్గే బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం. పొగ ఏదైనా ఊపిరితిత్తులకు చెరుపే.
• "ఒక చుక్కే కదా" అని బ్రాందీ పట్టడం.
• పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు ఇవ్వడం.
• ఉబ్బసం ఉన్న పిల్లలకు కషాయం ఇస్తున్నాం కదా అని డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ ఆపడం.

ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి?

బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు, పొట్ట కదలిక చూస్తూ ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఆ లెక్క గానీ, అంతకు మించి గానీ ఉంటే నెమ్ము చేసి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోవడం, పెదవులు నీలంగా మారడం, పాలు గానీ నీళ్ళు గానీ తాగలేకపోవడం, లేపినా మగతగా ఉండడం: వీటిలో ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. మూడు నెలల లోపు బిడ్డకు ఏ జ్వరమొచ్చినా, పెద్ద పిల్లలకు జ్వరం మూడు రోజులు దాటినా డాక్టరుకు చూపించాలి. ఇంట్లో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్ష ఉచితం. అన్ని రోజులు కషాయంతో నెట్టుకురావద్దు.

విద్యార్థులకు ఒక పని

మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి వంటింటి డబ్బాల్లో ఉన్న దినుసుల పేర్లు తెలుగులో అడిగి రాసుకోండి. పక్కనే తమిళం, కన్నడం పేర్లు కూడా రాయండి. పైన చెప్పిన వయసుల లెక్క మీ అవ్వాతాతలకు మీరే చదివి వినిపించండి, ముఖ్యంగా తేనె సంగతి. వాము ఆకు కొమ్మ ఒకటి తుంచి కుండీలో గుచ్చితే చాలు, సులభంగా వేరు పట్టేస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్ళు బడి తోటకు ఒక కొమ్మ తీసుకురండి.

చివరిగా ఒక మనవి. జ్వరంతో ఉన్న బిడ్డను హాజరు కోసమని బడికి పంపకండి. పోయిన పాఠం మళ్ళీ చెప్పుకోవచ్చు. దగ్గేటప్పుడు మోచేతి మడతలో దగ్గడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంట్లోనూ అలవాటు చేయండి.