ఎల్లలు దాటు విన్నపము

అప్పుడే మేల్కొనిన కంప్యూటరునకు తన ఐపీ చిరునామా యేదో తెలియదు. చిరునామాలు పంచు డీహెచ్‌సీపీ సర్వరు ఎచ్చట నున్నదో అదియును తెలియదు. కావున అది మూలస్థానమున 0.0.0.0 అనియు, గమ్యస్థానమున 255.255.255.255 అనియు వ్రాసి, యూడీపీ 67వ పోర్టును ఉద్దేశించి, తన పరిధిలోని యంత్రములన్నింటికిని వినబడునట్లు ఎలుగెత్తి యడుగును. ఇదియే బ్రాడ్‌కాస్ట్.

స్విచ్ ఈ కేకను ఆ కంప్యూటరున్న వీలానుకు, అనగా నెట్‌వర్కునందు వేఱుపఱచిన ఆ భాగమునకు, చెందిన యంత్రములన్నింటికిని చేర్చునే గాని పొరుగు వీలానులోనికి పోనీయదు. వీలాను ఏర్పడినదే యిందుకొఱకు. వేలకొలది యంత్రముల కేకలు ఒక్కచోట కలసినచో, తనకు సంబంధింపని ప్రతి కేకను ప్రతి యంత్రమును ఆలకింపవలసి వచ్చును గదా! అట్లని వీలానున కొక సర్వరును నిలుపుట వ్యయప్రయాసలతో కూడిన పని.

ఈ చిక్కును విప్పునది రిలే. వీలానుల నడుమ రూటింగు నెఱపు లేయర్-3 స్విచ్‌కు ప్రతి వీలానులోను ఒక చిరునామా యుండును. ఆ వీలాను ఇంటర్‌ఫేసు మీద, సిస్కో స్విచ్‌లలోనైనచో 'ఐపీ హెల్పర్-అడ్రస్' అను ఆజ్ఞతో, సర్వరు చిరునామాను ముందుగా వ్రాసి యుంచినచో, స్విచ్ ఆ కేకను తానే గ్రహించి, సర్వరు ఒక్కదానికే చెందు యూనికాస్ట్ సందేశముగ మార్చి పంపును. కేక ఎల్లలోపలనే నిలిచిపోవును. అందలి విన్నపము మాత్రము దాటిపోవును.

అయితే అనేక వీలానులకు చిరునామాలు పంచు సర్వరునకు ఈ విన్నపము ఎచ్చటిదో తెలియుట ఎట్లు? నా దృష్టిలో ఈ యేర్పాటునందెల్ల మిక్కిలి మనోహరమైన భాగ మిదియే. పంపుటకు ముందు రిలే, సందేశములోని 'జీఐ అడ్రస్' అను నాలుగు బైట్ల గడిలో, ఆ వీలానులోని తన చిరునామాను వ్రాయును. అది 10.1.20.1 అయినచో, సర్వరు ఆ నెట్‌వర్కునకు తగిన చిరునామానే యెన్నుకొని, జవాబును ఆ 10.1.20.1కే పంపును, రిలే దానిని అడిగిన యంత్రమునకు అందించును. బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనువారు 1985లో, డీహెచ్‌సీపీకి మూలమైన బూట్‌పీ ప్రోటోకాలును రచించుచు ఏర్పఱచిన గడి యిది, వీలానుల 802.1క్యూ ప్రమాణము వెలువడినది 1998లో. పదుమూడేండ్లు ముందుగా రూపొందిన యా చిన్న గడి నేటికిని ఇంతటి భారమును మోయుచుండుట ఆ రచయితల దూరదృష్టికి తార్కాణము.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. సిస్కో స్విచ్‌లలో 'ఐపీ హెల్పర్-అడ్రస్' ఆజ్ఞ, ప్రత్యేకించి వారింపనిచో, డీహెచ్‌సీపీకి చెందిన 67, 68 పోర్టులనే గాక 37, 49, 53, 69, 137, 138 పోర్టుల కేకలను గూడ ఆ సర్వరునకే మోసికొనిపోవును. అక్కఱలేని వానిని 'నో ఐపీ ఫార్వర్డ్-ప్రోటోకాల్ యూడీపీ' అను ఆజ్ఞతో పోర్టు సంఖ్యను పేర్కొని నిలిపివేయుట ఉచితము.