పందెంలో పాత కార్లు

రైసూత్ రేవులో ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టడం మీరు చూచే ఉంటారు. కదలక ఉన్న యంత్రానికి చిక్కులు మరికొన్ని. నూనె అడుగుకు జారిపోతుంది, రబ్బరు ఎండి పగులుతుంది, బ్రేకులు బిగుసుకొంటాయి. అందుచేతనే కొందరు తమ అపురూపమైన పాత కార్లను అద్దాల గదిలో దాచక, పందెంలో దింపుతారు.

ఇంగ్లాండులోని గుడ్‌వుడ్‌లో 1948లో కారుపందేలు మొదలై, 1966లో ఆగిపోయాయి. 1998 నుండి ఆనాటి కార్లతో అక్కడ మరల పోటీలు జరుపుతున్నారు. ఇటలీలో 1962-64 మధ్య తయారైన ఫెరారీ 250 జి.టి.ఓ. కార్లు కూడా అక్కడ పరుగుతీశాయి. ఆ రకం కార్లు మొత్తం 36 మాత్రమే. 2018లో ఒకటి వేలంలో 4 కోట్ల 80 లక్షల డాలర్లకు పైగా పలికింది!

అంతటి కారు మలుపులో అదుపు తప్పితే? చేతితో సాగగొట్టిన అల్యూమినియం రేకు నలిగిపోతుంది. కొత్త రేకు వేయవచ్చు. కాని తొలి రేకు మరల రాదు. మరి పరుగెత్తించకపోతే? దానిని నడిపే నేర్పు, బాగుచేసే పనితనం మరుగున పడతాయి.

మీ ఇంట తాతగారి గడియారమో, అమ్మమ్మ కుట్టుమిషనో ఉన్నదా? దానిని దాచడం మేలా, వాడడం మేలా? ఆలోచించి చెప్పండి.