మనసు వేడిని కొలిచేదెలా?

1959లో భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. కొలిమి వద్ద పనిచేసేవారందరికీ తెలిసిన సూత్రమొకటుంది: వేడి ఎంతో తెలియనిదే దానిని అదుపు చేయలేము. మనసు విషయంలో ఈ సూత్రాన్నే మనం విస్మరిస్తుంటాము.

బార్డర్‌లైన్ అనే వ్యక్తిత్వ రుగ్మత గలవారికి చిన్న మాట సైతం పెనుగాయమవుతుంది. భార్య రాక ఆలస్యమైతే, ‘నన్ను విడిచిపోతుందేమో’ అన్న భయం క్షణంలో ఆగ్రహమవుతుంది. ఇంటివారికి కనిపించేది ఆగ్రహమే. దాని వెనుకనున్న భయం ఒక్కొక్కప్పుడు అతనికే తెలియదు.

అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ ఈ రుగ్మతకు రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ ఫలితాలు 1991లో వెలువడ్డాయి. ఏడాదిపాటు ఆ చికిత్స పొందినవారిలో తమను తాము గాయపరచుకోవడం తగ్గింది. తానూ యౌవనంలో ఇటువంటి వేదననే అనుభవించినట్లు ఆమె 2011లో వెల్లడించారు.

ఈ చికిత్సలో నేర్పే నైపుణ్యాలలో భావాన్ని గుర్తించి పేరు పెట్టడం ముఖ్యమైనది. ఏమి జరిగింది? ఒంట్లో ఏ మార్పు కలిగింది? ఏమి చేయాలనిపించింది? తనది భయమని గ్రహించినవాడు అరవడానికి మారుగా, ‘ఎందుకు ఆలస్యమైంది?’ అని అడగగలడు.

కుటుంబ సభ్యులు ‘మొండితనం’ అని ముద్రవేసే ముందు, ‘భయం వేసిందా?’ అని అడిగి చూడాలి. కొట్టడాన్ని, తిట్టడాన్ని సహించమని దీని అర్థం కాదు. భావాన్ని అర్థం చేసుకోవడం వేరు, చేష్టను అంగీకరించడం వేరు. వైద్యసలహాకు టెలి మానస్ 14416 నంబరు ఉచితంగా అందుబాటులో ఉంది.