ఱోలువంటి ఫిరంగి

హిందూపురమునుండి ధర్మవరమునకు రైలులో పోవువారికి నడుమ పెనుకొండ కనబడును. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన దుర్గమది. ఆ కొండయెత్తును, కోటగోడల మందమును చూచినవారు, లోపలనున్న ప్రజకు భయమేమని తలంతురు. నేరుగా వచ్చు గుండు విషయమున ఈ నమ్మకము కొంతవఱకు చెల్లును. మోర్టారు విషయమున చెల్లదని మేము మనవి చేయుచున్నాము.

సామాన్యపు ఫిరంగి గుండు గోడను తాకును. మోర్టారు గుండు గోడకు పైగా లేచి, దాని వెనుక నిలువుగా వ్రాలును. పొట్టిగా, వెడల్పు నోటితో ఆకసమువైపు చూచు ఆ ఫిరంగికి ఐరోపావారు ఱోలు పేరే పెట్టిరి. పూర్వము దానిని తఱచుగా 45 డిగ్రీల వాలున నిలిపి, మందు పాలును మార్చి దూరమును సవరించుచుండిరి.

నేటి రూపమునకు మూలపురుషుడు 1915లో దానిని కల్పించిన ఆంగ్లేయ ఇంజనీరు విల్ఫ్రెడ్ స్టోక్సు. నునుపైన గొట్టము, అదురును నేలకప్పగించు అడుగుపలక, ముందుభాగమును మోయు రెండుకాళ్ల ఊత: పరికరమింతియే. బాంబును మూతినుండి జారవిడువగా, అడుగునున్న సూది దాని తోకలోని తూటాను పేల్చును. ఆ వాయువుల ఒత్తిడి బాంబును వెలికి నెట్టును. స్టోక్సు బాంబు గాలిలో పల్టీలు కొట్టుచుండెను. ఫ్రెంచివాడగు ఎడ్గార్ బ్రాంటు దానికి తోకఱెక్కలమర్చి ఆ లోపమును తీర్చెను. దూరము పెంపదలచినచో తోకచుట్టును అదనపు మందుపొట్లములను తగిలింతురు; గొట్టమును నిలువునకు చేర్చినకొలది బాంబు దగ్గఱగా పడును.

భారతసేనయందు ముఖ్యముగా మూడు తరగతులు గలవు. 51 మిల్లీమీటర్లది తేలికది. దాని దూరము 850 మీటర్లు. 81 మిల్లీమీటర్లదానిని విడదీసి పదాతులు మోయుదురు. సుమారు 5 కిలోమీటర్లు కొట్టును. తెలంగాణమున ఎద్దుమైలారము కర్మాగారమువారు దీనిని గొలుసుపట్టాలపై నడచు బండిలో నమర్చిరి. బరువైన 120 మిల్లీమీటర్లదానిని బండి వెనుక లాగుదురు. 1999 కార్గిల్ యుద్ధమున శిఖరముల చాటున దాగిన శత్రువుపై ఇట్టివానిని ప్రయోగించిరి. రష్యావారి 240 మిల్లీమీటర్లదాని బాంబు మూతివఱకు ఎత్తజాలనంత బరువు. కావున గొట్టమును వంచి వెనుకనుండి నింపుదురు.

ఈ యంత్రము చౌకయైనది, సులభమైనది. దాని గొప్పయు అదియే, దాని భయమును అదియే. కొండచాటునుండి కాల్చువానికి గుఱి కనబడదు. దూరముగా నిలిచి చూచు మఱియొకడు గుఱిని తెలుపవలెను. ఆ చూపు తప్పినను, ఆ మనసు చెడినను బలియగువారు ఊరి జనులు. 1994 ఫిబ్రవరి 5వ తేదీన బోస్నియా దేశపు సరాయెవో నగరమున 120 మిల్లీమీటర్ల బాంబొకటి సంతలో పడి 68 మందిని చంపెను. మన హిందూపురపు సంతవంటి జనసమ్మర్దమే అది.

కావున రక్షణను గోడల ఎత్తుతో కొలుచుట మానవలెను. ఆయుధమును మన కర్మశాలలయందే చేయ నేర్చుట యొక బాధ్యత. గుఱి చూపు కన్నులకు ధర్మమును నేర్పుట అంతకు మించిన బాధ్యత.