పార్కిన్సన్స్‌లో చేయి ఎందుకు వణుకుతుంది?

మెదడు అడుగున నల్లగా కనిపించే కొన్ని కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. కదలికలు సాఫీగా సాగాలంటే అది ఉండాలి. ఆ కణాలు నశిస్తూ పోతే చేయి వణుకుతుంది, కండరాలు బిగుస్తాయి, నడక మందగిస్తుంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన జబ్బు ఇదే. వణికే ప్రతి చేతికీ ఇదే కారణం కాదు.

కణాలు ఎందుకు నశిస్తాయి? చాలామందిలో ఒకే కారణం దొరకదు. వయసు, జన్యువులు, కొన్ని పురుగుమందులు కలిసి ఈ పని చేస్తాయని పరిశోధకుల అంచనా. వణుకు రాకముందే కొందరికి వాసనలు తెలియవు, నిద్రలో కేకలు వేస్తారు. జబ్బును ముందే పసిగట్టడానికి ఇవి ఆధారాలు.

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో బెంగళూరు సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 45 ఏళ్లు దాటిన పల్లెవాసుల మెదడు ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి పరిశీలిస్తోంది. దాని ముఖ్య లక్ష్యం మతిమరపు జబ్బు. అయినా ముదిమిలో మెదడు మారే తీరు తెలిస్తే పార్కిన్సన్స్ పరిశోధనకూ ఉపయోగమే.

డోపమిన్‌నే మందుగా ఇవ్వొచ్చు కదా? అది రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు. లెవోడోపా అనే పదార్థం వెళ్లగలదు, లోపల డోపమిన్‌గా మారుతుంది. ఒళ్లంతా దురద పెట్టించే దూలగొండి తీగ గింజల్లో ఈ లెవోడోపా ఉందని 1937లో మద్రాసు శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి చూపించారు. అలాగని గింజలు నమలకూడదు, మోతాదు వైద్యులే నిర్ణయించాలి. ఈ మందు లక్షణాలను తగ్గిస్తుందే గానీ, కణాల నాశనాన్ని ఆపే మందు ఇంకా రాలేదు.