మంచి ఆసుపత్రిని తూచేదెలా?

ఇలా దగ్గరికి జరిగి కూచోండర్రా. ఇవాళ ఆసుపత్రుల కబుర్లు. రోగాల సంగతి కాదు, రోగం తగ్గించే చోటుని కొలవడం ఎలాగన్న సంగతి.

మన అడ్డతీగలలో సామాజిక ఆరోగ్య కేంద్రం ఉంది. దానికి పైన రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి. ఇంకా పెద్ద కష్టమొస్తే కాకినాడ జనరల్ ఆసుపత్రి. ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగితే అందరూ గబుక్కున కాకినాడ పేరే చెప్పేస్తారు. డాక్టర్లెక్కువ, యంత్రాలెక్కువ, మేడలు పెద్దవి. అదంతా నిజమే. కానీ నొప్పులతో కొండ దిగొచ్చిన ఒక తల్లిని ఆ రాత్రి ఎక్కడ ఎంత బాగా చూసుకున్నారన్నది మేడ ఎత్తుని బట్టి తేలదుగా!

చనిపోయినవాళ్ల లెక్క తీస్తే తేలిపోతుంది కదా తాతా, అంటారు మీరు. ఆ లెక్క కావలసిందే, కాకపోతే జాగ్రత్తగా చదవాలి. ప్రాణం మీదికొచ్చిన వాళ్లందరినీ చుట్టుపక్కల ఆసుపత్రులు పెద్దాసుపత్రికే పంపుతాయి. అక్కడ మరణాలు ఎక్కువ కనపడటంలో వింతేముంది? అదే ఒక చిన్న ఆసుపత్రి, కాస్త కష్టంగా ఉన్న ప్రతి కేసునీ 108 ఎక్కించి పంపేస్తోందనుకోండి. దాని పుస్తకంలో ఒక్క మరణమూ ఉండదు. అది మంచి వైద్యమని చెప్పగలమా? అందుకే మరణాలు లెక్కపెట్టేవాళ్లు, వచ్చినప్పుడు మనిషి పరిస్థితి ఎలా ఉంది, ఎంతమందిని పైకి పంపారు అన్నవీ పక్కనే రాసుకోవాలి. ఇంకో చిక్కుంది. ఏడాదికి 200 కాన్పులు జరిగేచోట ఒక తల్లి పోతే నూటికి అర. మరుసటేడు ఎవరూ పోకపోతే సున్నా. అంతమాత్రాన ఏడాదిలో ఆసుపత్రి బాగుపడిపోయిందని అనలేం. అంకెలు చిన్నవైతే అదృష్టం ఏదో, పనితనం ఏదో విడదీయలేం.

మరెలా? దీని మీద బాగా ఆలోచించిన మనిషి అవేడిస్ డోనబేడియన్. బేరూత్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన వైద్యుడాయన. 1966లో ఒక వ్యాసం రాస్తూ, వైద్యాన్ని మూడు చోట్ల చూడాలన్నాడు. ఆసుపత్రిలో ఏమున్నాయి, అక్కడ ఏం చేశారు, చివరికి ఏమైంది.

ఒక్క సూదిమందు వెంట నడిచి చూద్దాం రండి. బిడ్డ పుట్టగానే, ఒక్క నిమిషంలోపు, తల్లికి ఆక్సిటోసిన్ సూది వెయ్యాలి. గర్భసంచి గట్టిగా ముడుచుకుని రక్తస్రావం తగ్గుతుంది. కాన్పులో తల్లుల్ని బలిగొనే కారణాల్లో రక్తస్రావమే పెద్దది కాబట్టి ఆ నిమిషానికి అంత విలువ. ఈ మందుని 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచాలి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్రిజ్ వెచ్చబడిపోతే, సీసా చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ మందులో సత్తువ తగ్గిపోతుంది. ఫ్రిజ్ ఉందా, దానికి ఇన్వర్టరు ఉందా, ఉష్ణోగ్రత రోజూ రాస్తున్నారా అన్నది డోనబేడియన్ చెప్పిన మొదటిది. నిమిషంలోపు సూది పడిందా అన్నది రెండోది. తల్లికి రక్తం ఆగిందా అన్నది మూడోది. మూడోదాన్ని మాత్రమే చూస్తే, పది కాన్పుల్లో తొమ్మిదింటికి సూది ఆలస్యమైనా, మామూలుగానే బయటపడ్డ తల్లుల వల్ల అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మన కొండల్లోని చిన్న ఆసుపత్రికి రెండోదే అసలైన కొలత అని నా గట్టి నమ్మకం. ఎందుకంటే అది ప్రతి కాన్పులోనూ లెక్కకొస్తుంది. ఎవరో పోయేదాకా ఆగక్కర్లేదు.

సంతలో చింతపండు తూచేటప్పుడు షావుకారు చేతిలో రాయిని నమ్మకుండా, ముద్ర ఉన్న రాయి పెట్టమంటారు కదా మనవాళ్లు. ఆసుపత్రులకీ అలాంటి ముద్ర రాయి ఒకటుంది. 2013లో కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ నాణ్యతా ప్రమాణాలు తెచ్చింది. సిబ్బంది వాటిని ఎన్‌క్వాస్ అంటారు. ఏ సేవలున్నాయి, రోగి హక్కులు, వసతులు, వైద్యం, అంటురోగాల నివారణ, ఫలితాలు, ఇలా ఎనిమిది భాగాలు. ప్రతి అంశానికీ పూర్తిగా ఉంటే 2, కొంత ఉంటే 1, లేకపోతే సున్నా. ధ్రువపత్రానికి నూటికి కనీసం 70 రావాలి. బయటి నుంచి వచ్చిన తనిఖీదారు నాలుగు రకాలుగా చూస్తాడు. కళ్లతో చూస్తాడు, సిబ్బందిని అడుగుతాడు, రికార్డులు తిరగేస్తాడు, రోగులతో మాట్లాడతాడు. పురిటిగది కోసమైతే 2017 చివర్లో లక్ష్య అనే కార్యక్రమం ప్రత్యేకంగా వచ్చింది. కాన్పప్పుడు తల్లి పక్కన తనకి కావలసిన ఆడమనిషిని ఉండనిచ్చారా అన్నది కూడా అందులో చూస్తారు. కొండరెడ్ల ఊళ్లో అయితే నొప్పులు పడే పిల్లని ఒంటరిగా వదలరు. అమ్మో, అత్తో, మంత్రసానో పక్కన ఉండాల్సిందే. ఆసుపత్రి తలుపు దగ్గరే వాళ్లని ఆపేస్తే ఆ పిల్లకి సగం ధైర్యం పోతుంది. ఇది కొలవాల్సిన విషయమని పుస్తకంలోకి ఎక్కినందుకు నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇక రోగి మాట దగ్గరికొద్దాం. రోగికేం తెలుసు, వైద్యం తెలిసినవాళ్లు చెప్పాలి గానీ, అనేవాళ్లున్నారు. వాళ్లకి వియన్నా కథ చెప్పండి. 1840ల్లో అక్కడి పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల విభాగాలుండేవి. ఒకదాంట్లో వైద్యవిద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు. ఏ రోజు వచ్చినవాళ్లని ఏ విభాగంలో చేర్చాలన్నది వంతులవారీగా మారేది. మొదటిదాంట్లో చేర్చొద్దని తల్లులు మోకాళ్ల మీద పడి ఏడ్చేవాళ్లు. దార్లోనే కనేసినా పర్వాలేదనుకున్నవాళ్లూ ఉన్నారు. ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే కుర్ర డాక్టరు లెక్క తీస్తే, మొదటి విభాగంలో నూటికి పదిమంది దాకా తల్లులు జ్వరంతో పోతున్నారు. రెండోదాంట్లో నలుగురి లోపే. శవాలు కోసిన చేతులతో విద్యార్థులు పురిటిగదిలోకి వస్తున్నారని కనిపెట్టి, 1847 మేలో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. కారణం డాక్టరు కనిపెట్టాడు సరే, ఏ గదిలో ప్రాణభయముందో ఆ తల్లులకి అంతకు ముందే తెలుసు. వాళ్లనెవరూ అడగలేదంతే.

అడగడానికీ ఓ పద్ధతుంది. మంచం పక్కన తెల్లకోటు నిలబడి "బాగా చూస్తున్నారా అమ్మా?" అంటే మన కొండ తల్లి ఏమంటుంది? "బాగానే చూస్తన్నారు బాబూ" అంటుంది. రేపు మళ్లీ ఆ తలుపు దగ్గరికే రావాలి కదా. అమెరికాలో 2008 నుంచి ఆసుపత్రులవారీగా ఫలితాలు బయటపెడుతున్న సర్వే ఒకటుంది. వాళ్లు రోగి ఇంటికెళ్లిన రెండు రోజుల తర్వాత, ఆరు వారాల లోపు అడుగుతారు. సంతోషంగా ఉన్నారా అనరు. నర్సులు మీకు అర్థమయ్యేట్టు ఎన్నిసార్లు చెప్పారు, రాత్రిళ్లు మీ గది చుట్టూ గొడవ లేకుండా ఉందా, ఇలా జరిగినదాన్ని అడుగుతారు. ఎప్పుడూ, చాలాసార్లు, కొన్నిసార్లు, అసలు లేదు, ఈ నాలుగింట్లో ఒకటి చెప్పాలి. తృప్తి మనిషిని బట్టి మారుతుంది. తక్కువ ఆశించినవాడు తక్కువకే తృప్తిపడతాడు. జరిగిందా లేదా అన్నది అంతగా మారదు.

మన దేశంలో 2016లో మేరా అస్పతాల్ అని వచ్చింది, ఫోనులో సందేశం పంపి అభిప్రాయం అడిగే ఏర్పాటు. మంచి ప్రయత్నమే. కానీ సిగ్నలందని గూడేలకి, చదువురాని తల్లికి అది చాలదు. కోయ మాట్లాడే ఆవిడని కోయలో, అరకు వైపు కువి మాట్లాడే ఆవిడని కువిలో అడగాలి.

మన దగ్గర ఇంకో కొలత తప్పిపోతోందని నా బాధ. ఆసుపత్రి గడియారం కాన్పుకొచ్చిన తల్లి గేటు దాటినప్పుడు మొదలవుతుంది. ఆమె గడియారం ఇంట్లో నొప్పులు మొదలైనప్పుడే తిరగడం మొదలైంది. 1994లో సెరీన్ తడ్డియస్, డెబొరా మెయిన్ అని ఇద్దరు పరిశోధకులు మూడు ఆలస్యాలని చెప్పారు. వెళ్దామని నిర్ణయించుకోవడంలో, దారిలో, చేరాక వైద్యం అందడంలో. డోలీలో మోసుకొచ్చి, రోడ్డెక్కాక 108 కోసం చూసిన తల్లికి రెండోదే సగం రాత్రి తినేస్తుంది. సామాజిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 1,20,000 మందికి ఒకటి, కొండల్లో 80,000 మందికే ఒకటి అని ప్రమాణం పెట్టింది ఇందుకే. కేస్ షీటు మీద "ఇంటి దగ్గర బయల్దేరిన వేళ" అని ఒక్క గడి చేరిస్తే, ఏ గూడెం నుంచి ఎంతసేపు పడుతోందో ఏడాది తిరిగేసరికి బయటపడుతుంది. రోడ్డు ఎక్కడ ముందు వెయ్యాలో కూడా దాన్ని బట్టే తెలుస్తుంది.

నా చేతిలో ఉంటే ఇలా చేయిస్తాను. కాన్పయిన నెల లోపు, పక్క ఊరి ఆశా కార్యకర్త, తన ఊరిది కాదు సుమా, ఇంటికెళ్లి, అరుగు మీద కూచుని ఐదు ప్రశ్నలడగాలి. వచ్చాక ఎంతసేపటికి ఎవరు చూశారు? నీతో మీవాళ్లని ఉండనిచ్చారా? అమ్మా అని పిలిచారా, కసురుకున్నారా? ఇచ్చిన మాత్ర ఎందుకో చెప్పారా? ఎవరైనా డబ్బులడిగారా? పేర్లు తీసేసి, జవాబులు మాత్రం మూణ్ణెల్లకోసారి ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో, డాక్టరు, సర్పంచి, నర్సులు అందరూ ఉండగా, గట్టిగా చదవాలి. కిందటి మూణ్ణెల్ల కాగితం కూడా ఆ పక్కనే పెట్టుకోవాలి.