విరిగిన బొక్క ఎలా అతుకుతుంది? బిగుతు కట్టు ఎందుకు ప్రమాదం?

ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా బండి మీద నుంచి పడి కాలు విరిగితే ఇంటిల్లిపాదికీ ఒకటే సందేహం: నాటు కట్టు కట్టించాలా, కామారెడ్డి దవాఖానకు తీసుకుపోవాలా? ఈ సందేహం తీరాలంటే బొక్క ఎలా అతుకుతుందో తెలియాలి.

విరిగిన బొక్క ఎలా అతుకుతుంది?

దానంతట అదే. విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో అక్కడ మెత్తని అతుకు పుడుతుంది. దానిలో కాల్షియం చేరి గట్టిపడుతుంది. పెద్దవాళ్లకు మణికట్టు దగ్గరైతే సుమారు 6 వారాలు, మోకాలి కింది పెద్ద బొక్కకైతే 3, 4 నెలలు పడుతుంది. పిల్లలకు ఇంకా తొందరగా అతుకుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఆలస్యమవుతుంది.

మరి డాక్టరు చేసేదేమిటి?

జరిగిన ముక్కలను వరుసకు తెచ్చి, కదలకుండా నిలపడం. ముక్కలు జరగకపోతే చాలాసార్లు పిండికట్టు సరిపోతుంది. తొడ బొక్క విరిగితే బలమైన కండరాలు ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. అందుకే పెద్దవాళ్లకు సాధారణంగా లోపల రాడ్డు వేస్తారు.

నాటు కట్టుతో కొందరికి ఎందుకు నయమవుతుంది?

చిన్న పగులుకు కదలకుండా ఉండటమే వైద్యం కనుక. కానీ ఎక్స్‌రే లేకుండా లోపలి ముక్క ఎటు జరిగిందో చెప్పడం కష్టం. అది వంకరగా అతికితే నడకే మారిపోతుంది.

బిగుతు కట్టు ఎందుకు ప్రమాదం?

విరిగిన చోట మొదటి రెండు రోజులు వాపు పెరుగుతుంది. కట్టు సాగదు కనుక నెత్తురు ఆడదు. అలా కొన్ని గంటలు గడిస్తే కండరం చచ్చిపోతుంది, కాలు తీసేయాల్సి రావచ్చు. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేలు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. అది పిండికట్టయినా సరే, వెంటనే దవాఖానకు వెళ్లి విప్పించాలి.

దెబ్బ తగిలిన చోట ఏం చేయాలి?

108కి ఫోన్ చేయండి. వంగిన కాలును లాగి సరిచేయకండి. పైకీలు, కిందికీలు రెండూ కదలకుండా కర్రో, మందపాటి అట్టో పెట్టి, మరీ బిగించకుండా కట్టండి. బొక్క బయటికొస్తే లోపలికి నెట్టకండి, పసరు పోయకండి. శుభ్రమైన బట్ట కప్పండి. ఆ గాయానికి యాంటీబయాటిక్ ఎంత తొందరగా పడితే అంత మేలు.

ఖర్చుకు భయపడి ఆగిపోకండి. విరిగిన బొక్కలకు చేసే చాలా ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. దవాఖానలో ఆరోగ్యమిత్రను అడిగితే వివరం చెబుతారు.